నలభై కాళ్ళ ఇల్లు

ఫాల్గుణ శుద్ధ విదియ

ఈరోజు పడవలో ఎక్కువ మందికి నచ్చిన విశేషం: ఏడురేవుల పట్నంలో ఇంటిని గదులతో లెక్కపెట్టరు, కాళ్ళతో లెక్కపెడతారు. బురదలో దిగేసిన తాటిమొద్దులే ఇంటికి కాళ్ళు. మాది నలభై కాళ్ళ ఇల్లు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల రంగు అడగరు, ఎన్ని కాళ్ళ ఇల్లని అడుగుతారు. ఈ మాటకు పడవంతా నవ్వింది. ఒకావిడ వంగి మా ఇంటి కాళ్ళను ఫొటో తీసుకుంది.

ఆఖరి పడవ దింపాక గైడ్లందరూ ఆ రోజు సంగతులు ఈ రికార్డు పెట్టెకు చెప్పాలని కంపెనీవారి నియమం. నచ్చిన విశేషం ముందు, తక్కినవి తర్వాత. సరే, చెబుతున్నాను. ఎవరూ వినరని నాకు తెలుసు. పోయిన వానాకాలమంతా మేనేజరు కళాధర్ గారి మీసం గురించే చెప్పాను, ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, నా పేరు గంగరత్నం, రెండో రేవు, గాజులకాల్వ. సముద్రం లంకల్ని మింగేసినప్పుడు గట్టుకు పోమని మొండికేసి, మునిగిన ఊళ్ళ మీదే మొద్దులు దిగేసి ఈ పట్నం కట్టినవాళ్ళ మునిమనవరాల్ని. మొండితనం మాకు ఆస్తి.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మూడేళ్ళ కిందటిదాకా ఈ కాల్వ నల్లగా ఉండేది, కుళ్ళిన గుడ్ల కంపు కొట్టేది. టూరిస్టులు ముక్కు మూసుకుంటుంటే మాకు తల కొట్టేసినట్టుండేది. కంపెనీవారు అడుగున బుడగల గొట్టాలు పరుస్తామంటే ఊరంతా సరేనని చేతులెత్తాం. ఇప్పుడు ఆ గొట్టాలు రాత్రింబవళ్ళు నీళ్ళలోకి గాలి చిమ్ముతూ బురదను కడిగేస్తాయి. అడుగున మునిగిన ఊరి డాబాలు, బడి మెట్లు, ఒక ట్రాక్టరు కూడా కనిపిస్తాయి. ట్రాక్టరు దగ్గర పడవ ఆపితే చప్పట్లు కొడతారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటి సంగతి. మా తాయారుకు నెలలు నిండాయి. పౌర్ణమికి అటూ ఇటూ అవుతుందని మంత్రసాని ఆదిలక్ష్మి పిన్ని చెప్పింది. అల్లుడు సింహాద్రి కంపెనీలోనే బుడగల గొట్టాలు తోముతాడు. అమావాస్య పాటుకు సముద్రం వెనక్కి లాగి నీళ్ళు బాగా తీసి ఉండటంతో, ఇవాళ పని నుంచి వస్తూ ఇంటి కిందికి దూరి చూశాడట. వచ్చి, తాయారు అటు తిరిగినప్పుడు నా చేతిలో ఒక చెక్కముక్క పెట్టాడు. నొక్కితే నా వేలు లోపలికి దిగింది. లోపలంతా తేనెపట్టులాగా బొక్కలు, ఆ బొక్కల్లో తెల్లటి పురుగులు.

"ఎక్కడిదయ్యా ఇది?"

"మనింటిదే అత్తా. ఈశాన్యం మూల కాలు."

"ఒక్కటేనా?"

సింహాద్రి చెక్కముక్కను పొయ్యిలో పడేసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

పంచమి

నచ్చిన విశేషం: జనపలక. మొదటి రేవు గుమ్మం మీద, ఊళ్ళో ఏ కాల్వలో నిలబడినా కనిపించేంత పెద్దది. ఇక్కడ పుట్టిన ప్రతి మనిషి ముంజేతికీ ఒక నాడికడియం కడతారు. నాడి కొట్టుకున్నంత కాలం ఆ మనిషి పలక మీద ఉంటాడు. నాడి ఆగిందా, పలక తనంతట తానే ఒకటి తగ్గుతుంది. కాపురం గట్టుకు మార్చుకునేవాళ్ళు కడియం విప్పి రేవులో ఇచ్చి పోవాలి, అప్పుడూ తగ్గుతుంది. ఇవాళ పలక మీద ఉన్నది నాలుగువందల పన్నెండు. ఆ అంకె కింద నిలబడి ఫొటో తీసుకోని టూరిస్టు లేడు. ఆ అంకె పెరగడం చూసిన టూరిస్టు కూడా లేడు. టూరిస్టులు రావడం మొదలయ్యాక ఇక్కడ పుట్టేవాళ్ళలో తాయారు బిడ్డే మొదటిది అవుతుంది, అందుకే కంపెనీవారికి ఇంత హడావిడి. పౌర్ణమి పడవలకు టిక్కెట్లు అయిపోయాయి. మా కిటికీ ఎదురుగా పడవలు బారుగా కడతారట. వెండి పెట్టెలో బుల్లి కడియం కూడా సిద్ధం చేశారు.

ఇంకో విశేషం ఉంది, అది మాత్రం పడవలో చెప్పవద్దన్నారు. కాళ్ళున్న ఇంట్లో పుట్టిన బిడ్డకే కడియం. గట్టు మీది ఆసుపత్రిలో పుడితే గట్టుబిడ్డ. గట్టుబిడ్డలు ఇక్కడ ఉండటానికి లేదు, చూడటానికి రావచ్చు. మా తమ్ముడి పిల్లలు అలాంటివాళ్ళే. ఏటా టిక్కెట్టు కొనుక్కుని నా పడవే ఎక్కుతారు. "అత్తా" అని పిలిస్తే పక్కవాళ్ళు వింతగా చూస్తారు.

మధ్యాహ్నం కళాధర్ గారి ఆఫీసుకు పోయాను.

"బుడగలు ఆపించండి బాబూ. బురద కొట్టుకుపోయి, గాలి తగిలి పురుగు పట్టి కాళ్ళు డొల్లయిపోతున్నాయి" అన్నాను.

ఆయన కుర్చీ చూపించాడు, మర్యాదస్తుడు. "పౌర్ణమి కానివ్వండి గంగరత్నం గారూ. తర్వాత మీ ఇంటికి ఇనుప కాళ్ళు నేనే దగ్గరుండి వేయిస్తాను."

"అప్పటిదాకా ఇల్లు ఆగొద్దా అండి?"

"ఆగుతుంది. మీరే రోజూ చెబుతారు కదా, తాటిమొద్దు బురదలో వెయ్యేళ్ళు ఉంటుందని."

"బురదలో అన్నానండి. అద్దంలో అనలేదు."

ఆయన నవ్వి, ఈ మాట బాగుంది, రేపటినుంచి పడవలో చెప్పండి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేశాను.

అష్టమి

నచ్చిన విశేషం: కాళ్ళపూత. ఏటా ఒక అమావాస్య పాటుకు ఊరంతా కాల్వలో దిగి, ఇంటికాళ్ళకు అడుగు నుంచి నల్లబురద తీసి మెత్తేవాళ్ళం. గాలి తగలకుండా ఆ బురదే మొద్దును కాచేది. ఆ ఏడు పుట్టిన బిడ్డ ఉంటే అదే బురద కాస్త బిడ్డ అరికాళ్ళకు రాసేవాళ్ళు, ఇల్లూ బిడ్డా ఒకే నేల మీద నిలబడాలని. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గట్టువాళ్ళ సామెత. మాకు అడుసు తొక్కితేనే బతుకు.

ఇప్పుడు కాళ్ళపూత కంపెనీ పండగ. పట్టుచీరలు కట్టుకుని, పాట పాడుతూ, నీటిపైన కనిపించే మొద్దులకు ఎర్రమట్టి పూస్తాం. నీళ్ళ కింద చెయ్యి పెట్టకూడదు. ఎవరైనా నీళ్ళు మసకబారిస్తే కడియం కోసి గట్టుకు పంపేస్తారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆ మందుకు చేతులెత్తిన ఊరు మాది.

సింహాద్రి మాత్రం మధ్యాహ్నం పడవలు ఆగే వేళ చూసుకుని ఇంటి కిందికి దిగుతున్నాడు. బుట్టతో బురద తెచ్చి, అరచేత్తో కాలు కాలుకూ మెత్తుతున్నాడు. బుడగలు దాన్ని మళ్ళీ కడిగేస్తున్నాయి. మళ్ళీ మెత్తుతున్నాడు. నేను పైన గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తున్నట్టు నటిస్తూ కాపలా కాస్తున్నాను. పిన్ని ఇంటికి మారదామనుకున్నాం, దాని కింద కూడా చూశాడు. అక్కడ ఇంకా అధ్వాన్నం.

దాచి లాభం లేదని తాయారుకు చెప్పేశాను.

"రేపే గట్టుకు పోదామే. ఆసుపత్రిలో కను. ప్రాణం కంటే కడియం ఎక్కువా?"

తాయారు కడుపు మీద చెయ్యి వేసుకుంది. "అమ్మా, నా బిడ్డ నన్ను చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని రావాలా?" అంది.

"నువ్వు కూడా గట్టుకే పోదువుగానిలే."

"మరి నువ్వు?"

నేను పోనని దానికి తెలుసు. నా మొండితనమే దానికీ వచ్చింది, ఎవర్ని తిట్టను?

సింహాద్రి తడి బట్టలతోనే వచ్చి దాని పక్కన చతికిలపడ్డాడు. "ఎందుకే ఆ ఏడుపు? నేనున్నాగా కింద. ఇల్లు కదిల్తే ముందు నా నెత్తినే పడుద్ది" అన్నాడు.

"ఛీ, ఏం మాటలు మావా అవి!" అని తాయారు అతని నోరు మూసింది. అతని చేతులకు అంటిన బురద దాని చీరకు అంటింది. కంపు కొడుతున్నావంది, నవ్వింది.

ఏకాదశి

విశేషం గుర్తులేదు. ఏదో పిల్లుల గురించి చెప్పాను.

ఎవరో టూరిస్టు గాజులకాల్వలో నీళ్ళు మసకగా ఉన్నాయని ఫిర్యాదు రాశాడట. కళాధర్ గారు పడవేసుకుని మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసి, తాయారుకు నమస్కారం పెట్టి, నన్ను పక్కకు పిలిచాడు.

"మీ అల్లుణ్ణి ఆపండి. ఇంకొక్కసారి మసకబారితే కడియం కోయించక తప్పదు. పుట్టే బిడ్డకు తండ్రి ఊళ్ళో లేకుండా పోతాడు."

"ఒక్కసారి మీరు కిందికి దిగి చూడండి బాబూ. ఒక్కసారి."

ఆయన తన తెల్ల బూట్ల వైపు చూసుకున్నాడు. "మా ఇంజనీర్లు పైనుంచి చూశారు. నీళ్ళు అంత శుభ్రంగా ఉన్నాయి కదా, అన్నీ కనిపిస్తాయి" అన్నాడు.

పైనుంచి చూస్తే కాళ్ళు నిక్షేపంలా ఉంటాయి. పురుగు లోపల తింటుంది. ఇది చెప్పబోయేసరికి పడవ తిప్పేశాడు.

సాయంత్రం సింహాద్రి పాత పడవ ఒకటి విప్పి, దాని దూలాన్ని ఇంటి కిందికి చేర్చాడు. ఈశాన్యం మూల బరువు దాని మీద పడేలా ఒక బండ మీద నిలబెడతాడట. దూలానికి నీళ్ళు మసకబారవు కదా అత్తా అన్నాడు. ఆ మాట అని నవ్వాడు కానీ కళ్ళలో నవ్వు లేదు.

చతుర్దశి

నచ్చిన విశేషం: వంకర ఇల్లు. ఇది కొత్తది, కంపెనీవారే చెప్పమన్నారు. పొద్దున వంటింట్లో నిమ్మకాయ కింద పడితే, అది ఎవరూ తన్నకుండానే దొర్లుకుంటూ ఈశాన్యం మూలకు పోయి ఆగింది. దాన్ని కిటికీలోంచి చూసిన ఒక పడవ వాళ్ళు మళ్ళీ చేయమని కేకలు వేశారు. తాయారు కోపంగా కిటికీ వేయబోతే కంపెనీ మనిషి వద్దన్నాడు. పది నుంచి నాలుగు దాకా కిటికీలు తెరిచి ఉంచాలి, అది మా ఒప్పందం. మధ్యాహ్నానికల్లా మా ఇంటికి వంకర ఇల్లు అని పేరు పెట్టేశారు. నేను పడవలో నిలబడి, చేయి చాపి, "కుడివైపున మీరు చూస్తున్నది" అని మా ఇంటినే చూపించాను. అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

ఇవాళ ఏమైనా సరే గట్టుకు తీసుకుపోదామని పడవ సిద్ధం చేశాను. తాయారు గుమ్మం పట్టుకుని కూర్చుంది. నేను తిట్టాను, బతిమాలాను, కాళ్ళు కూడా పట్టుకోబోయాను. సింహాద్రి మధ్యలోకి వచ్చాడు.

"రేపొక్క రోజు అత్తా. పాటు మధ్యాహ్నం కదా, ఈలోగా పుట్టేస్తే సరే. లేకపోతే పాటుకు ముందే నేనే ఎత్తుకుని గట్టుకు తీసుకుపోతాను. ఒట్టు."

పౌర్ణమి పాటుకు నీళ్ళు బాగా తీస్తాయి. కాళ్ళు అడుగుదాకా బయటపడతాయి, నీళ్ళ ఆసరా కూడా పోతుంది. అది మా ముగ్గురికీ తెలుసు. అయినా తాయారు తలూపింది. నేనూ ఒప్పుకున్నాను.

పౌర్ణమి నాటి సంగతి, మర్నాడు చెబుతున్నది

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. కానీ బిడ్డ తొందరపడలేదు. పదయ్యేసరికి కాల్వ నిండా పడవలు. కంపెనీవారు నన్ను కిటికీ కిందే పడవ కట్టి విశేషాలు చెప్పమన్నారు. లోపల నా కూతురు అరుస్తుంటే నేను బయట నిలబడి ఈ ఊళ్ళో చక్రం లేదని, పిల్లలకు నడక కంటే ముందు ఈత వస్తుందని చెప్పాను. తర్వాత మైకు నీళ్ళలో పడేసి లోపలికి పోయాను.

నీళ్ళు తీయడం మొదలయ్యేసరికి సింహాద్రి మాట ప్రకారం దాన్ని ఎత్తబోయాడు. బిడ్డ తల అందుతోంది, గట్టుదాకా ఆగదు, కదపొద్దని పిన్ని అడ్డం పడింది. అప్పుడే నేల కింద ఎండుకర్ర విరిచినట్టు ఒక చప్పుడు అయింది. గోడమీది కుండలు వరసగా జారాయి. రెండో చప్పుడు.

"కదపకపోతే అందరం పోతామే!" అని పిన్నే మళ్ళీ అరిచింది. "బొంతలో వేసి కిటికీలోంచి పడవలోకి దించండి!"

సింహాద్రి తాయారు నుదురు నిమిరి లేచాడు. "మీరు దించండి అత్తా. నేను దూలం సరిగ్గా పట్టించి వస్తాను. మీరు పడవలోకి చేరేదాకా ఆగితే చాలు."

"వద్దయ్యా, నువ్వూ రా!"

"వచ్చేస్తాను కదా అత్తా" అని నేలపలక ఎత్తి కిందికి దిగాడు. ఆ పలక వేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేనూ పిన్నీ, పక్కింటివాళ్ళు ఇద్దరూ కలిసి బొంత నాలుగు చెంగులూ పట్టుకుని తాయారును దించాం. పడవల్లో చప్పట్లు. ఒకడు ఈల కూడా వేశాడు. దాని వీపు పడవ పలకకు తగిలిందో లేదో ఇల్లు పడింది. పడింది అనకూడదు. ముసలిది చతికిలబడినట్టు మెల్లగా, నిటారుగానే నీళ్ళలోకి కూర్చుంది. అల వచ్చి మా పడవను దూరంగా తోసింది. కాల్వంతా నల్లబడింది. మూడేళ్ళుగా లేని ఆ కంపు గుప్పుమంది. చప్పట్లు ఇంకా ఆగలేదు, ఇది కూడా చూపించడానికి చేసిందే అనుకున్నారు పాపం.

ఊళ్ళో మగవాళ్ళందరూ దూకారు. నేను జనపలక వైపు చూశాను. నాలుగువందల పన్నెండు. తగ్గలేదు. సింహాద్రి కింద ఎక్కడో ఖాళీలో ఇరుక్కున్నాడు, ఊపిరి ఉంది. "ఉన్నాడే తాయారూ, ఉన్నాడు, పలక తగ్గలేదు!" అని అరిచాను. తాయారు పళ్ళు కరుచుకుని, పలక మీదే కళ్ళు పెట్టి నొప్పులు పడింది. ఊళ్ళోవాళ్ళు మునిగి తేలిన ప్రతిసారీ మా వైపు కాదు, పలక వైపే చూస్తున్నారు. పన్నెండు ఉందని చూసి మళ్ళీ మునుగుతున్నారు.

బిడ్డ పడవలో పుట్టింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది.

కళాధర్ గారు మొహం తెల్లగా పాలిపోయి, వెండి పెట్టె పట్టుకుని మా పడవ దగ్గరకు వచ్చాడు. పిన్ని ఆయన్ను చూసి, "కాళ్ళున్న ఇంట్లో పుట్టలేదు కదండీ" అంది. "పడవైతేనేం, కట్టండి, అందరూ చూస్తున్నారు" అన్నాడు ఆయన. ఏ కట్టుబాటుకు భయపడి మేము ఆ ఇంట్లో ఉండిపోయామో, అది ఆయన నోట్లో ఒక్క ముక్కలో పోయింది. అప్పుడే ఆయన గొంతు పట్టుకోవాల్సింది. నా చేతుల్లో బిడ్డ ఉంది.

పిన్ని బుల్లి చేతికి కడియం కట్టింది. అది పచ్చగా వెలిగింది. పడవలన్నీ మొదటి రేవు గుమ్మం వైపు తిరిగాయి. అందరూ ఫోన్లు ఎత్తారు.

పలక మారలేదు.

"పాడైనట్టుంది" అన్నారెవరో. "ఇంత డబ్బు తీసుకుని" అన్నారింకెవరో. పిన్ని కడియం తీసి మళ్ళీ కట్టబోయి, ఆగిపోయింది. నీళ్ళలో ఉన్న మగవాళ్ళు ఒక్కొక్కరే మునగడం మానేశారు. బిడ్డ కడియం వెలుగుతూనే ఉంది. బిడ్డతో నాలుగువందల పదమూడు కావాలి, పలక మీద నాలుగువందల పన్నెండే ఉంది.

"అమ్మా, మారిందా?" అని అడిగింది తాయారు. నొప్పులకు కళ్ళు మసకబారి దానికి సరిగ్గా కనపడలేదు.

ఈ పడవలో నిలబడి ఊరూపేరూ తెలియనివాళ్ళకు ఇన్నేళ్ళు నచ్చినవే చెప్పాను. నా కూతురికి ఉన్నదే చెప్పాలి. బిడ్డను దాని రొమ్ము మీద పెట్టి, "మారలేదు తల్లీ" అన్నాను.

అది కాసేపు బిడ్డ కడియాన్నే చూసింది. తర్వాత అరిచిన అరుపుకు పడవల్లో ఫోన్లు దిగాయి.

బుడగలు ఎవరూ ఆపలేదు. సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ అద్దంలా తేరుకున్నాయి, అడుగున అంతా కనిపించింది. ఇంకెక్కడా వెతకాల్సిన పని లేకపోయింది. దూలాన్ని భుజంతో మోస్తున్నట్టు వంగి ఉన్నాడు. తీసి నా పడవలోనే పడుకోబెట్టారు.

బహుళ పాడ్యమి, సాయంత్రం

ఈరోజు విశేషం లేదు. పడవ తీయలేదు. ఎవరూ తీయలేదు.

మధ్యాహ్నం పాటుకు ఊరంతా కాల్వలో దిగింది. చీరలు దోపుకుని ఆడవాళ్ళు, గోచీలతో మగవాళ్ళు. ముందు గొడ్డళ్ళతో గొట్టాలు నరికారు. బుడగలు ఆగిపోయాయి. తర్వాత తట్టలతో బురద ఎత్తి మిగిలిన ఇళ్ళ కాళ్ళకు మెత్తడం మొదలుపెట్టారు. ఎవరూ పాట పాడలేదు. కళాధర్ గారు రేవు మీద నిలబడి అందరి కడియాలూ కోయిస్తానని అరిచి అరిచి ఊరుకున్నాడు. కాల్వ మళ్ళీ కంపు కొడుతోంది. సగం కాళ్ళు ఇప్పటికే డొల్ల, ఎన్ని నిలుస్తాయో చెప్పలేను. అయినా మెత్తుతున్నాం.

సింహాద్రిని సాగనంపేముందు ఒళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చాను. తాయారు పిన్ని భుజం పట్టుకుని లేచి వచ్చింది.

"కుడిచెయ్యి కడక్కమ్మా" అంది.

ఆ పిడికిలి బిగుసుకుని ఉంది. తాయారు పక్కన కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ, "వదులు మావా, నేనే, వదులు" అంటూ తెరిచింది. లోపల మా ఇంటి కింది నల్లబురద ఉంది. దాన్ని తీసి బిడ్డ అరికాళ్ళకు రాసింది. పిడికెడు బురద. రెండు కాళ్ళకూ సరిపోయింది.